లాస్ట్ ఎంత?

"పాత బైకు ఒకటి కొందామనుకుంటున్నా" అని 2022 ఫిబ్రవరిలో ఆఫీసు క్యాంటీన్‌లో అన్నాను. స్టుట్‌గార్ట్‌లో కార్ల విడిభాగాలు చేసే కంపెనీ మాది. ఇంజిన్ల గురించి మాట్లాడనివాడు ఆ టేబుల్ దగ్గర ఉండడు. మా టీమ్‌లో ఒకాయన ఫోర్కు కింద పెట్టి, "కొనుక్కో. అమ్మేవాడికి ఆ ఒక్క మెసేజ్ మాత్రం పెట్టకు" అన్నాడు. ఏ మెసేజ్ అన్నాను. గొంతు మార్చి, కావాలని యాస విరిచి, "వాస్ లెట్స్‌టె ప్రైస్?" అన్నాడు. టేబులంతా ఘొల్లుమంది.

'చివరి రేటెంత?' అని దానర్థం, అదీ వ్యాకరణం లేని జర్మన్‌లో. ఇక్కడ పాత సామాన్ల ప్రకటనల మీద ఎవరు జోకు వేసినా ఈ మాట దగ్గరికే వస్తారు. వలస వచ్చినవాళ్లే ఇలా అడుగుతారన్న పోటు అందులో ఉంది. నవ్వు ఆగాక వాళ్లకి నేను గుర్తొచ్చాను. "నిన్ను కాదులే" అన్నారెవరో. నేనూ నవ్వేశాను. సాయంత్రం ట్రామ్‌లో ఇంటికెళ్తుంటే మాత్రం బుర్రలో అదే తిరిగింది. ఎందుకంటే ఆ మాట అచ్చంగా మాదే.

2003లో నాన్న విజయవాడలో ఒక కన్సల్టెన్సీలో స్ప్లెండర్ కొన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. "సింగిల్ హ్యాండ్ సార్, టీచర్ గారి బండి, ఇంటికీ స్కూలుకీ తప్ప తిరగలేదు" అన్నాడు అమ్మేవాడు. నాన్న సీటు మీద చెయ్యి కూడా వేయకుండా "లాస్ట్ ఎంత?" అన్నారు. దాన్ని బేరం అనరు, పలకరింపు అంటారు. ఆ తర్వాత టీ వస్తుంది, ఆటోనగర్ నుంచి తెలిసిన మెకానిక్ వస్తాడు, ఇంజిన్‌కి చెవి ఆనించి పెదవి విరుస్తాడు, అసలు బేరం అప్పుడు మొదలవుతుంది. ఆ టీచర్ గారి పేరు మాత్రం ఆర్‌సీ మీద అలాగే ఉండిపోయింది. సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు 29, 30 మా బీరువాలో పెళ్లిపత్రికల మధ్య ఇప్పటికీ ఉన్నాయి.

ఇక్కడ బండి కంటే ముందు లైసెన్సు సంపాదించాలి. మన లైసెన్సు ఇక్కడ కాపురం పెట్టిన రోజు నుంచి 6 నెలలే చెల్లుతుంది. ఆ తర్వాత రాత పరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ మళ్లీ పాసవ్వాలి. పదేళ్లు బెంజి సర్కిల్‌లో బండి నడిపి బెంజి కంపెనీ ఉన్న ఊరికి వచ్చినవాణ్ణి, నాకేంటి అనుకున్నాను. రోడ్డు పరీక్షలో మనం ముందు బండి మీద వెళ్తుంటే పరీక్ష పెట్టేవాడు వెనక కారులో వస్తూ చెవిలో దారి చెప్పిస్తుంటాడు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో సడన్ బ్రేక్ వేశాను, కోన్ల మధ్య మెలికలు తిప్పాను. మలుపు తిరిగే ముందు భుజం మీదుగా వెనక్కి చూడలేదని ఫెయిల్ చేశారు. మెడ తిప్పడం అలవాటవ్వడానికి ఇంకో మూడు క్లాసులు, వాటి ఫీజు. ఆ డబ్బుతో ఇంటి దగ్గర పాత స్ప్లెండర్ వచ్చేది.

బండి రాయిట్లింగన్ దగ్గర పల్లెలో దొరికింది. 2015 మోడల్ హోండా సీబీ 500 ఎఫ్, 17 వేల కిలోమీటర్లు, 3,800 యూరోలు. ధర పక్కన రెండు అక్షరాలు, 'వీబీ' అని. బేరానికి చోటుందని దానర్థం. అవి లేకపోతే అడగడమే తప్పు. చివరి రేటు అడగకుండా, గూగుల్ సాయంతో, పెళ్లి సంబంధానికి ఉత్తరం రాసినంత మర్యాదగా మెసేజ్ రాశాను. మార్చి 26, శనివారం రమ్మన్నాడు.

డెబ్బై దాటిన పెద్దాయన. గ్యారేజీలో పానాలు సైజు ప్రకారం మేకులకు వేలాడుతున్నాయి, ఒక్కోదాని వెనక గోడ మీద దాని బొమ్మ గీసి ఉంది. ఆయన మాట్లాడేది స్వాబియన్ యాస. నేను డబ్బు కట్టి నేర్చుకున్న జర్మన్‌కీ దానికీ చుట్టరికం ఉందంటే ఉంది. ప్రతి మాట చివర ముద్దుగా 'లె' తగిలిస్తారు. మోటార్‌సైకిల్‌ని కూడా 'మొటొర్‌రేడ్‌లె' అన్నాడు.

మెకానిక్ లేడు కాబట్టి నేనే ఆటోనగర్ అవతారం ఎత్తాను. చైన్ లాగి చూశాను. ఫ్రంట్ ఫోర్కు రాడ్ మీద వేలు రాసి ఆయిల్ తడి ఉందేమో చూశాను. టైరు పక్కన అచ్చు వేసిన నాలుగంకెలు వెతికాను. 2316. అంటే 2016లో 23వ వారం తయారైన టైరు. పెదవి విరుద్దామని తలెత్తేలోపు ఆయనే "టైరు పాతది, మార్చాలి" అన్నాడు. తర్వాత వరసగా చెప్పుకుపోయాడు. ముందు బ్రేక్ ప్యాడ్లు ఈ సీజన్ దాకా వస్తాయి, అంతే. 2019లో ఇదే గ్యారేజీలో ఎడమవైపు ఒరిగింది, హ్యాండిల్ చివర గీత అదే. సైలెన్సర్ కింద తుప్పు చుక్క.

నాకు అనుమానం పట్టుకుంది. అమ్మేవాడు తనంతట తాను లోపాలు చెబుతున్నాడంటే చెప్పని పెద్ద లోపం ఏదో ఉండాలి కదా! మన లెక్క అది. ఆయన చెప్పిన ప్రతి లోపాన్నీ అమ్మకం కాగితంలో రాయబోతున్నాడని తర్వాత అర్థమైంది. ఇక్కడ సొంత బండి అమ్మే మనిషి 'తర్వాత ఏ రిపేరు వచ్చినా నాకు సంబంధం లేదు' అని కాగితంలో రాసుకోవచ్చు. తెలిసి దాచిన లోపం బయటపడితే మాత్రం ఆ వాక్యం ఆయన్ని కాపాడదు. ఆయన నిజాయితీ పరుడు కాదని కాదు. ఇక్కడ నిజాయితీకి లాభం కూడా ఉంది, అంతే.

నడిపి చూస్తానన్నాను. ఆయన నన్ను వింతగా చూసి నంబర్ ప్లేటు చూపించాడు. ప్లేటు చివర పైన 04, కింద 10. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకానే రోడ్డెక్కే సీజన్ ప్లేటు అది. ఆ ఏడు నెలలకే ట్యాక్సు, ఇన్సూరెన్సు. మిగతా నెలల్లో నడపడం సంగతి దేవుడెరుగు, వీధిలో నిలబెట్టినా తప్పే. ఇంకా ఆరు రోజులుంది. "ఊరి చివరి దాకా, రెండే నిమిషాలు" అన్నాను. తల అడ్డంగా ఊపి కాఫీ ఇచ్చి పంపించాడు.

ఏప్రిల్ 2న మళ్లీ వెళ్లాను. పళ్లు టకటకలాడే చలి. డబ్బున్న కవరు బల్ల మీద పెట్టి, లైసెన్సు చూపించి, బండి తీశాను. తిరిగొచ్చాక బేరం. 3,400 అన్నాను. "టైరు లెక్క నేనే చెప్పాను కదా, అది ధరలోనే ఉంది" అన్నాడు. చివరికి 3,600 దగ్గర చెయ్యి కలిపాడు. అమ్మకం కాగితంలో తేదీ పక్కన టైమ్ కూడా రాశాడు, 14:20 అని. నిమిషాలెందుకండీ అన్నాను. "ఆ నిమిషం తర్వాత నువ్వు ఎవరినైనా గుద్దితే అది నువ్వు" అన్నాడు. చివర్లో ఒక నోటుబుక్కు ఇచ్చాడు. ఆయిల్ మార్చిన తేదీ, కిలోమీటర్లు, చైన్ బిగించిన రోజు, అన్నీ పెన్సిల్‌తో.

సోమవారం సాయంత్రం ఫోన్ చేశాడు. బండి ఎలా ఉందని కాదు. "పేరు మారిందా?"

మారింది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో నా వంతు వచ్చాక పట్టింది ఇరవై నిమిషాలు. ఇన్సూరెన్సు కంపెనీ ఫోన్‌కి పంపిన ఏడక్షరాల కోడ్, రెండు పత్రాలు, పాత ప్లేటు ఇవ్వాలి. ఆ పత్రాల్లో ఒకటి బండి నడిపేటప్పుడు జేబులో ఉండాల్సింది, రెండోది ఇంట్లో పట్టా కాగితంలా దాచుకోవాల్సింది. నంబరు మాత్రం ముందే ఇంటర్నెట్‌లో ఎంచుకోబోయాను. స్టుట్‌గార్ట్ ప్లేట్లు 'ఎస్'తో మొదలవుతాయి, నా పేరూ ఎస్‌తోనే, కాబట్టి 'ఎస్–ఎస్' కొట్టాను. ఇవ్వం అంది. ఏ అంకెలు పెట్టినా ఇవ్వం అంది. అందరూ ఫ్యాన్సీ నంబర్‌గా ఎగరేసుకుపోయారనుకున్నాను. హైదరాబాద్‌లో 9999కి లక్షలు పాడేవాళ్ల మధ్య నుంచి వచ్చిన బుర్ర కదా. ఆఫీసులో చెబితే ఈసారి ఎవరూ నవ్వలేదు. అవి హిట్లర్ నాజీ పార్టీ సాయుధ దళం పేరులోని అక్షరాలు, ప్లేటు మీద పక్కపక్కన రానివ్వరు. 'వీజే' తీసుకున్నాను, బెజవాడ పేరు మీద. కోరుకున్న నంబరుకి అదనంగా 12 యూరోల చిల్లర పడింది. ఎదురు కొట్టులో అప్పటికప్పుడు రేకు మీద అచ్చుకొట్టి ఇచ్చారు, ఇంకా వేడిగా ఉంది.

మూడు వారాలకు కస్టమ్స్ ఆఫీసు నుంచి కవరు వచ్చింది. చేతులు చల్లబడ్డాయి. అమ్మ పంపిన ఆవకాయ పార్శిల్ పట్టుకున్నారేమో అని టెన్షన్. తీరా చూస్తే బండి ట్యాక్సు. 2014 నుంచి ఇక్కడ బళ్ల పన్ను వసూలు చేసేది కస్టమ్స్ వాళ్లేనట. ప్రతి 25 సీసీకి ఏడాదికి 1 యూరో 84 సెంట్లు. నా 471 సీసీకి, ఏడు నెలలకు, 20 యూరోలు. దానికి మూడు పేజీల ఉత్తరం.

తర్వాతి రెండేళ్లు బాగా తిరిగాను. ఆదివారాలు బ్లాక్ ఫారెస్ట్ కొండల మీద బీ 500 రోడ్డు. ఎదురొచ్చే బైకు వాళ్లు ఎడమచెయ్యి కిందికి చాచి పలకరిస్తారు. హెల్మెట్‌లో ఎవరు ఏ దేశంవాడో తెలియదు కాబట్టి అందరికీ అందరూ పెడతారు. మొదటిసారి ఎవరో ఆగమంటున్నారనుకుని బ్రేక్ వేశాను.

2024లో పాప పుట్టింది. చైల్డ్ సీట్ బైకుకి పట్టదు. జూన్‌లో ప్రకటన పెట్టాను, 2,900, వీబీ. గంటలో ఐదు మెసేజ్‌లు వచ్చాయి, ఐదింటిలోనూ అదే మాట, 'లెట్స్‌టె ప్రైస్?' అందులో రెండు అచ్చమైన జర్మన్ పేర్లతో. స్క్రీన్‌షాట్ తీసి టీమ్ గ్రూపులో పెట్టాను. క్యాంటీన్ పెద్దమనిషి బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకున్నాడు.

ఆరో మెసేజ్ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "అన్నా, మీరు తెలుగా?" వేరే ఊళ్లో ఎమ్మెస్ చదువుతున్న నల్గొండ కుర్రాడు. ఇక్కడే డ్రైవింగ్ స్కూల్‌లో ఏ2 లైసెన్సు తీసుకున్నాడు. దాంతో ఇంజిన్ పవర్ 35 కిలోవాట్లు దాటని బండే నడపాలి, నాది సరిగ్గా 35. రెండు రైళ్లు మారి వచ్చాడు. మా ఆవిడ పులిహోర పెట్టింది. తిన్నాక కిందికి దిగి నేను మొదలుపెట్టాను. బీ 500 మీద వ్యూ పాయింట్ దగ్గర స్టాండ్ జారి కుడివైపు పడింది, బ్రేక్ లివర్ కొత్తది వేయించాను. చైన్ ఇంకో సీజన్ వస్తుంది, అంతే. పసుపు స్టిక్కర్ చూడు, ఫిట్‌నెస్ 2025 జూన్ దాకా. వాడు నా మొహంలోకి చూసి, "అన్నా, తప్పులన్నీ నువ్వే చెప్పేస్తే నేను బేరం ఏం చెయ్యాలె?" అన్నాడు. ఆ వెంటనే, "సరే, లాస్ట్ ఎంత?"

ఎన్నాళ్లయిందో ఆ మాట ఆ స్వరంలో విని. 2,600కి ఇచ్చేశాను.

కాగితంలో టైమ్ రాశాను, 16:05 అని. పెద్దాయన నోటుబుక్కు కూడా ఇచ్చాను. ఒక్కటే చెయ్యలేదు. బండి ఫలానావాడికి అమ్మానని రిజిస్ట్రేషన్ ఆఫీసుకి పంపాల్సిన కాగితం ఉంటుంది. "సోమవారమే మార్చుకుంటా అన్నా" అన్నాడు కదా, మనవాడే కదా, అని దాన్ని టేబుల్ మీదే ఉంచాను. సోమవారం వాడికి పరీక్ష. తర్వాతి వారం అపాయింట్‌మెంట్ దొరకలేదు. ఆ తర్వాత నేనే అడగడం మానేశాను, పదే పదే అడిగితే బాగుండదని.

ఆగస్టులో వాడుండే ఊరి మున్సిపాలిటీ నుంచి నా పేరున ఉత్తరం. నో పార్కింగ్‌లో నా బండి, నా 'వీజే' నంబరు. జరిమానా పెద్దదేం కాదు. బండి వెళ్లి రెండు నెలలైనా ట్యాక్సు ఇంకా నా లెక్కలోనే నడుస్తోందని అప్పుడు తెలిసింది. అమ్మకం కాగితం జిరాక్స్ ఒకటి అక్కడికి పంపాను, టేబుల్ మీది కాగితం రిజిస్ట్రేషన్ ఆఫీసుకి పంపాను. కుర్రాడికి ఫోన్ చేసి, జీవితంలో మొదటిసారి తెలుగులో ఆ ప్రశ్న అడిగాను. "పేరు మారిందా?" నా గొంతు నాకే స్వాబియన్‌లా వినిపించింది. "సారీ అన్నా, రేపే" అన్నాడు. నాలుగు రోజులకు కొత్త ప్లేటు ఫొటో వచ్చింది.

ఆ ఆదివారం వీడియో కాల్‌లో నాన్నకి ఈ గొడవంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. స్ప్లెండర్ ఇంకా మెట్ల కింద ఉంది, కూరగాయలకి దాని మీదే వెళ్తారు. "హెల్మెట్ లేదని నాలుగుసార్లు ఫొటో తీశారు రా నన్ను" అన్నారు. "ఒక్క చలానా కూడా ఇంటికి రాలేదు. ఆ మాస్టారు ఎవరో గానీ దేవుడు. ఇన్నేళ్లలో ఒక్కసారి ఫోన్ చేసి అడగలేదు."