‘ట’ రాలిపోయిన ఉత్తరం

మేము బెంగళూరులో మారతహళ్లి వైపు ఉంటాము. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగు కుటుంబాలు ఎక్కువే కాబట్టి మాటలన్నీ తెలుగులో నడుస్తాయి; రాతకోతలు మాత్రం ఇంగ్లీషులో జరగాలి, ఆ పని తరచుగా నాకే వస్తుంది. రెండేళ్ల కిందట పై అంతస్తులో ఉండే పెద్దావిడ వచ్చి, “గ్యాస్ ఇచ్చేశామని మెసేజ్ వచ్చిందమ్మా, సిలిండర్ మాత్రం లేదు. గేటు దగ్గర దింపితే సెక్యూరిటీ అబ్బాయి తీశాడట” అన్నారు. సెక్యూరిటీ ఏజెన్సీకి నేను రాసిన ఉత్తరంలో ఆ మాట “ద గార్డ్ స్టోల్ ద సిలిండర్” అయింది. నాలుగు రోజుల తరువాత ఆ సిలిండర్ పక్క బ్లాకులో, అదే నంబరు ఉన్న ఫ్లాటు ముందు కనిపించింది. అప్పటికే ఆ అబ్బాయిని పనిలోనుంచి తీసేశారు.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. తాను చూడలేదని, విన్నానని ఒక్క అక్షరంతో చెప్పారు. క్రియ చివర చేరే ఆ ‘ట’ మనకు ఎంత అలవాటంటే, దాని బరువు మనకు తెలియనే తెలియదు. ఇంగ్లీషు క్రియకు అటువంటి తోక లేదు కనుక, అనువదించేటప్పుడు అది జారిపోయి, విన్నమాట కాస్తా జరిగిన సంగతిగా నిలబడుతుంది. దానికి బదులుగా ఇంగ్లీషులో ఎవరు చెప్పారో రాయాలి, లేదా ‘అలెజ్‌డ్‌లీ’ (ఆరోపణ ప్రకారం) వంటి మాట చేర్చాలి. నాకు మొదటి పద్ధతే మేలనిపిస్తుంది. ‘అలెజ్‌డ్‌లీ’ అన్న మాటలో ఆరోపించినవారు కనిపించరు. పైగా ఆ ఒక్క మాట చేర్చినంత మాత్రాన రాసినవారికి పరువునష్టం కేసు నుంచి రక్షణ దొరుకుతుందనుకోవడం పొరపాటు.

ఆ మాటను ఎక్కడ పెడుతున్నామన్నదీ చూసుకోవాలి. సిలిండర్ పోయిందన్నది ఖాయమైతే ‘అలెజ్‌డ్ థెఫ్ట్’ అనడం వల్ల ఆవిడ మాటనే శంకించినట్టవుతుంది. నిజానికి అనుమానం ఉన్నది ఎవరు తీశారన్న దగ్గర. ‘క్లెయిమ్’ కూడా ఇటువంటిదే. ‘షీ సెడ్’ అన్నచోట ‘షీ క్లెయిమ్‌డ్’ అని రాస్తే, రాసినవారికి ఆవిడ మీద పూర్తి నమ్మకం లేదని చదివేవారికి తోస్తుంది.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది మన ‘ఖండించు’. ఆరోపణను ఖండించారు, దాడిని ఖండించారు, ప్రత్యర్థి వాదాన్ని ఖండించారు అని మూడు చోట్లా ఒకే క్రియతో సరిపెట్టుకుంటాము. ఇంగ్లీషులో మొదటిది ‘డినై’, అంటే కాదనడం. రెండవది ‘కండెమ్’, అంటే తప్పని గట్టిగా పలకడం. మూడవది ‘రెఫ్యూట్’, అంటే ఆధారాలతో తప్పని నిరూపించడం. సెక్యూరిటీ అబ్బాయి తాను తీయలేదని చెప్పినప్పుడు అది ‘డినై’ మాత్రమే. పక్క బ్లాకులో సిలిండర్ దొరికిన రోజున ఆ ఆరోపణ ‘రెఫ్యూట్’ అయింది. ఈ తేడా చెరిపేసి ‘హీ రెఫ్యూటెడ్ ద చార్జెస్’ అని రాసేవారు చాలామంది ఉన్నారు, ఇంగ్లీషువారిలోనూ ఉన్నారు. అయినా నేను ఒప్పుకోలేను.

‘చార్జ్’ మరింత జాగ్రత్త కోరుతుంది. ఎఫ్‌ఐఆర్‌లో పేరున్న మనిషి ‘అక్యూజ్‌డ్ ఆఫ్ థెఫ్ట్’ అవుతాడు గాని, ‘చార్జ్‌డ్ విత్ థెఫ్ట్’ కాడు. మన దేశంలో దర్యాప్తు ముగిశాక పోలీసులు చార్జిషీటు వేస్తారు, ఆ తరువాత అభియోగాలు నమోదు చేసేది కోర్టు. 1860 నాటి శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చినా ఈ వరుస మారలేదు. నిందితుడు, దోషి అని తెలుగులో మనం చక్కగా వేరుచేసి చెప్పుకుంటాము. ఇంగ్లీషులో ‘అక్యూజ్‌డ్’, ‘కన్విక్టెడ్’ మధ్య కూడా అంతే దూరం ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల గురించి 2013లో వచ్చిన చట్టమైతే ‘అక్యూజ్‌డ్’ అనకుండా ‘రెస్పాండెంట్’ (ఎవరి మీద ఫిర్యాదు వచ్చిందో ఆ వ్యక్తి) అంది. ఇక్కడి ఆఫీసుల్లో విచారణ నివేదికలు రాసేవారు ఆ మాటనే పాటించాలి.

సిలిండర్ దొరికిన సాయంత్రమే ఏజెన్సీకి రెండవ ఉత్తరం రాశాను. నా మొదటి ఉత్తరంలోని వాక్యం ఎవరూ కళ్లారా చూసినది కాదని, అది తప్పని, రాసింది నేనేనని అందులో చెప్పాను. ఆ అబ్బాయికి వేరే చోట డ్యూటీ ఇచ్చామని జవాబు వచ్చింది. మా గేటుకు మాత్రం అతడు మళ్లీ రాలేదు.