ఫొటో చూపించమన్నారు

నిన్న సాయంత్రం ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికొచ్చింది. మా అమ్మాయికి 15 ఏళ్లు. తెలిసినవాడే, మాయమాటలు చెప్పి దానిచేత ఫొటోలు తీయించుకున్నాడు. డబ్బులివ్వకపోతే క్లాసు గ్రూపులో పెడతానన్నాడు. నేను భయపడాలని ఒకటి నా ఫోన్‌కే పంపాడు.

సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు అరగంటలో అయిపోయింది. ఆడవాళ్లు, పిల్లల కేసులకు అక్కడ విడిగా ఒక విభాగం ఉంది. పేరు చెప్పకుండానూ ఇవ్వొచ్చు. ‘టేక్ ఇట్ డౌన్’ అనే సైట్ కూడా వాడాం. ఫొటో మన ఫోన్ దాటి పోదు, దాని నుంచి తయారైన, వేలిముద్ర లాంటి డిజిటల్ కోడ్ మాత్రమే వెళ్తుంది. ఆ ఏర్పాటులో చేరిన యాప్‌లలో అది కనబడితే తీసేస్తారు.

స్టేషన్‌లోనే నరకం చూశాను. ఫిర్యాదులు రాసుకునే రైటర్ నా కాగితం సగం చదివి, "సెల్ ఇలా ఇవ్వండి, ఏం ఫొటోనో చూడాలి కదా" అని చెయ్యి చాపాడు. చుట్టూ నలుగురు మగవాళ్లు. నా పక్కనే పిల్ల తల దించుకుని చున్నీ అంచు నలుపుతోంది. ఇవ్వనన్నాను. "చూడకుండా కేసెట్లా రాస్తాం? అయినా పంపింది మీ అమ్మాయేగా" అన్నాడు. తర్వాత, వాడుండేది మా లిమిట్స్ కాదన్నాడు. మూడు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి చివరికి ఇంకో మాట అన్నాడు: "ఆ ఫొటో మీ ఫోన్‌లో ఉంది కాబట్టి ముందు మీ మీదే కేసవుతుంది, తెలుసా?"

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తీసేస్తే సాక్ష్యం పోతుంది, ఉంచుకుంటే నేరం. మా బావగారు ఫోన్ చేసి, "ఆడపిల్ల విషయం, సెటిల్ చేసుకోండి" అన్నారు. ఆ మాట నేను మర్చిపోను.

మర్నాడు మా ఆడపడుచు కూతురు వచ్చింది, లాయరు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 15వ సెక్షన్ తెరిచి చదివించింది. ఇలాంటి ఫొటోలు పంచుకునే ఉద్దేశంతో ఉంచుకోవడం నేరమే. రిపోర్టు చేయడానికి, కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికి ఉంచుకుంటే మినహాయింపు ఆ సెక్షన్‌లోనే రాసుంది. నేను రిపోర్టు చేశానుగా! 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ మీదే పెద్ద తీర్పిచ్చిందట. వీటిని ‘చైల్డ్ పోర్నోగ్రఫీ’ అనకూడదని, పిల్లల మీద జరిగిన లైంగిక దోపిడీకి, అఘాయిత్యానికి ఇవి ఆనవాళ్లని చెప్పిందట. అది వింటూ ఏడ్చేశాను. పంపింది మీ అమ్మాయేగా అన్న ఆ రైటర్‌కు ఇది చదివి వినిపించాలి. 18 నిండని పిల్ల ఒప్పుకుందా లేదా అన్న ప్రశ్నే చట్టంలో లేదు. మార్ఫింగ్ చేసిన బొమ్మలు కూడా 2019 సవరణ తర్వాత దీని కిందికే వస్తాయి.

లిమిట్స్ మాట కూడా అబద్ధమే. ఏ స్టేషన్‌లో ఇచ్చినా, తమ పరిధి కాకపోయినా, జీరో ఎఫ్‌ఐఆర్ పేరుతో కేసు రాయాలి. పోక్సో ఫిర్యాదు రాసుకోకపోతే 21వ సెక్షన్ కింద పోలీసుకే ఆరు నెలల దాకా జైలు. ఇవన్నీ రాసి ఎస్పీ ఆఫీసులో అర్జీ ఇచ్చాం. మీకూ ఇలా జరిగితే స్టేషన్ మెట్ల మీద బతిమాలకండి, రాతపూర్వకంగా పైకి వెళ్లండి. ఫొటో మాత్రం ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, అక్కకైనా, లాయరుకైనా.

రెండో రోజు ఒక మహిళా ఎస్సై చుడీదార్‌లో మా ఇంటికొచ్చింది. యూనిఫాం లేకుండా, పిల్ల ఉన్నచోటికే వచ్చి వాంగ్మూలం తీసుకోవాలని చట్టంలో ఉందట. చాప మీద దాని పక్కనే కూర్చుంది. అంతా చెప్పాక మా అమ్మాయి అడిగింది, "మేడం, ఆ ఫొటో మీరు చూడాలా?"

"నాకెందుకమ్మా, ఫోన్ సీల్ చేసి ల్యాబ్‌కు పంపుతాను" అంది ఆవిడ.

వారం తర్వాత మొదటిసారి నా కూతురు ఆ పూట కడుపునిండా అన్నం తిన్నది.