సూసినావేటి, ఇన్నావేటి?

మా మేనమామది కవిటి మండలంలో ఒక చిన్న ఊరు. శ్రీకాకుళం నుంచి వెళ్లేటప్పుడు సోంపేట దాటాక రోడ్డుకు రెండు వైపులా కొబ్బరి తోటలే కనిపిస్తాయి. ఉద్యానవనం అన్న మాటే నోళ్లలో నాని ఉద్దానం అయిందని అక్కడివారు చెబుతారు. ఆ పచ్చదనం మధ్యనే ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు మనుషులను తీసుకుపోతోంది. నీటిలోని సిలికా అనీ, భార లోహాలనీ, పురుగుమందులనీ, మండుటెండలో నీళ్లు తాగకుండా పనిచేయడమనీ, నొప్పి మాత్రలనీ పరిశోధకులు ఎన్నో అనుమానాలను పరీక్షించారు గాని, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. తేలని చోట ఎవరు ఏది చెప్పినా చెల్లుతుంది.

మావయ్యకు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు దెబ్బతింటే పెరిగే వ్యర్థం) 2.4 ఉన్న రోజుల్లో నా ఫోనుకు ఒక ఆడియో వచ్చింది. ఫలానా ఆకు కషాయం నలభై రోజులు తాగితే కిడ్నీలు బాగుపడతాయనీ, మాత్రలు మానితేనే అది పనిచేస్తుందనీ ఒక గంభీరమైన గొంతు చెబుతోంది. మధ్యలో ఆయుర్వేద ఆచార్యుడు చరకుడి పేరు కూడా వినిపించింది. (ఆకు పేరు ఇక్కడ రాయను, రాస్తే చేసిన తప్పే మళ్లీ చేసినట్టవుతుంది.) నేను సగం విని, మంచిదే కదా అని మావయ్యకు పంపించి మరిచిపోయాను.

రెండు నెలల తరువాత వెళ్లేసరికి అరుగు మీద స్టీలు గ్లాసు, దాని అడుగున నల్లటి మడ్డి, చూరులో దోపిన మాత్రల అట్టలు కనిపించాయి. ఒక్క మాత్ర కూడా తీసిన గుర్తు లేదు. రక్తపరీక్షలో 3.6 వచ్చింది. ఎందుకు మానేశావని అడిగితే ఆయన నా వైపు వింతగా చూసి, "పంతులువి నువ్వు పంపినావు కదా అల్లుడా, అబద్ధం ఎలాగవుతాది?" అన్నాడు.

అప్పటికి నేను మూడేళ్లుగా ఆదివారం పొద్దుట మా వీధిలోని ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని జ్ఞానయోగం చదువుకుంటున్నాను. జ్ఞానానికి కావలసిన నాలుగు అర్హతలలో, అంటే సాధన చతుష్టయంలో, మొదటిది వివేకమనీ, నిత్యమేదో అనిత్యమేదో విడదీసి తెలుసుకోవడమే వివేకమనీ అప్పజెప్పగలను. బ్రహ్మం సత్యమా జగత్తు మిథ్యా అన్నంత పెద్ద విషయానికే ఆ మాట పనికొస్తుందనుకున్నాను గాని, అరచేతిలోని ఫోనుకు కూడా వర్తిస్తుందని నాకు తట్టలేదు.

తాడును చూసి పామనుకోవడం అద్వైతులు పదే పదే చెప్పే ఉదాహరణ. మావయ్య తోటలో నూతి పక్కన చుట్టి పడేసిన కొబ్బరి పీచు తాడును చూసి మునిమాపు వేళ నేనే ఒకసారి ఎగిరి గెంతాను. ఆ పాము శూన్యంలోంచి పుట్టలేదు. తాడు ఉంది, సగం వెలుతురు ఉంది, ఎప్పుడో చూసిన పాము జ్ఞాపకం ఉంది, కాళ్లలో భయం ఉంది; ఈ నాలుగూ కలిస్తేనే అది పడగ విప్పింది. పూర్తి చీకటిలో అయితే తాడూ కనపడదు, పామూ కనపడదు. ఆ ఆడియో కూడా అలాంటి సగం వెలుతురులోనే పనిచేసింది. జబ్బు నిజం, కషాయాలు మన వైద్యంలో ఉన్న మాట నిజం, చరకుడు నిజం, మావయ్యకు డయాలసిస్ అంటే ఉన్న భయం అన్నిటికన్నా నిజం.

కర్మకూ జ్ఞానానికీ శంకరులు ఒక తేడా చూపించారు. కర్మ పురుషతంత్రం, అంటే చేయవచ్చు, మానవచ్చు, మరోలా చేయవచ్చు. జ్ఞానం మాత్రం వస్తుతంత్రం, వస్తువు ఎలా ఉందో అలాగే ఉండాలి తప్ప మన కోరికను బట్టి మారదు. గీత 18వ అధ్యాయం 66వ శ్లోకానికి రాసిన భాష్యంలో ఆయన ఇంకా గట్టిగా, అగ్ని చల్లనిదనో వెలుగు లేనిదనో నూరు శ్రుతులు (వేదవాక్యాలు) చెప్పినా అవి ప్రమాణం కాజాలవన్నారు. నూరు శ్రుతులకే లేని అధికారం నూరు గ్రూపులు తిరిగి వచ్చిన ఆడియోకు ఎక్కడిది?

అయినా నన్ను ఎక్కువగా బాధించినది శబ్దప్రమాణం, అంటే ఒకరి మాటను జ్ఞానానికి ఆధారంగా తీసుకోవడం, గురించి చదివిన మాట. ఆప్తుడి వాక్యమే శబ్దప్రమాణమని న్యాయదర్శనం అంటుంది. విషయాన్ని సాక్షాత్తుగా తెలుసుకుని, తెలిసినది తెలిసినట్టే చెప్పాలనే కోరికతో మాట్లాడేవాడే ఆప్తుడనీ, ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ ఒకటేననీ వాత్స్యాయనుడు న్యాయసూత్రాల భాష్యంలో చెప్పాడు. కులం, చదువు, గంభీరమైన గొంతు అందులో లేవు. మావయ్య నన్ను ఆప్తుడనుకున్నాడు. నాకు కోరిక ఉంది, తెలివిడి లేదు. ఆయన నమ్మినందుకు ఆయనను తప్పుపట్టలేను. తత్త్వం తెలిసినవారి దగ్గరకు వెళ్లి పరిప్రశ్న చేయమని, అంటే బాగా అడిగి తెలుసుకోమని, గీత చెప్పిన సంగతి నాకు తెలుసు; కానీ ఆయన డాక్టరును అడగవలసిన అలాంటి ప్రశ్నలను నా మీది గౌరవమే అడగనివ్వలేదు.

మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. అంకె 3.1కి దిగింది గాని, 2.4కి తిరిగి రాలేదు. ఇప్పుడు నేను ఏది పంపినా, పండగ శుభాకాంక్ష అయినా సరే, మావయ్య ముందు ఫోను చేసి, "ఇది సూసినావేటి, ఇన్నావేటి?" అని అడుగుతున్నాడు. చాలాసార్లు నా జవాబు, "విన్నాను మావయ్యా" అనే ఉంటోంది.