ప్రతికూల వ్యాఖ్య తొలగించడానికి పదకొండు నెలలు: నా అనుభవం

జడ్జిగా నా పనితీరుపై పై అధికారి రాసే వార్షిక రహస్య నివేదికలోని ప్రతికూల వ్యాఖ్యను తొలగిస్తూ నిన్న ఉత్తర్వు అందింది. జూనియర్ సివిల్ జడ్జిలకు ఉపయోగపడుతుందని వెంటనే రాస్తున్నాను.

‘డిస్పోజల్ (కేసుల పరిష్కారం) సంతృప్తికరంగా లేదు’ అన్నదే ఆ వ్యాఖ్య. ఆ ఏడాది నాకు యూనిట్లు, అంటే తేల్చిన కేసులకు లెక్కగట్టే మార్కులు, తగ్గిన మాట నిజం. ఆ సంవత్సరమే పందొమ్మిదేళ్ల నాటి విభజన దావా ఒకటి విచారణకు వచ్చింది. హక్కు విడుదల దస్తావేజు మీది నిశాని (వేలిముద్ర) తనది కాదని ఒక వృద్ధురాలు బోనులో నిలబడి చెప్పింది. పొలం పనితో ఆమె వేళ్ల కొసలు అరిగిపోయి ముద్ర స్పష్టంగా పడకపోవడంతో, నమూనాలు రెండుసార్లు తీయించి నిపుణుడికి పంపవలసి వచ్చింది. పద్నాలుగు మంది సాక్షులను విచారించి ఇచ్చిన ఆ తీర్పుకు దక్కిన యూనిట్లను, ప్రతివాదులు హాజరుకాని డబ్బు దావాలలో ఎక్స్‌పార్టీ డిక్రీలు ఇచ్చి కొద్ది రోజుల్లోనే సంపాదించవచ్చు.

వ్యాఖ్య తొలగించమని కోరడానికి కావలసిన నకళ్లు సులభంగానే దొరికాయి. వినతిపత్రాన్ని మాత్రం, ఆ వ్యాఖ్య రాసిన పై అధికారి ద్వారానే హైకోర్టుకు పంపాలన్నారు. ఆయన చాంబర్‌లో, గుమస్తా ఎదుట, నేను నిలబడి ఉండగానే తీర్పు ప్రతిని తెరవకుండా పక్కకు నెట్టి, నెలవారీ స్టేట్‌మెంట్ చివరి గడి మీద వేలు పెట్టి, ‘ఇవన్నీ దేనికండీ, అంకె చెప్పండి’ అన్నారు. పదహారేళ్ల సర్వీసులో నేను అంతగా తలవంచుకున్న రోజు మరొకటి లేదు. ఆ తర్వాత నా కాగితాలు ఆయన కార్యాలయంలోనే నాలుగు నెలలు ఉండిపోయాయి.

ఊరుకోమని చెప్పే సహోద్యోగుల మాట వినకండి. పదోన్నతి భయంతో వాళ్లు ఊరుకున్నందువల్లే ఈ పద్ధతి సాగుతోంది. వినతిపత్రంలో ప్రాధేయపడకండి. నివేదికలోని ప్రతి నమోదునూ ఉద్యోగికి తెలియజేయాలని సుప్రీంకోర్టు 2008లో దేవ్ దత్ కేసులో చెప్పింది, అందులో న్యాయ సేవలనూ చేర్చింది. దానిని ఉదహరించి, దావా వయసు, సాక్షుల సంఖ్య, వాయిదాల తేదీలు పట్టికగా జతచేయండి.

రాజ్యాంగం 235వ అధికరణం కింద జిల్లా కోర్టులపై నియంత్రణ హైకోర్టుదే కనుక మార్పు అక్కడినుంచే రావాలి. మదింపు చేసేవారు కనీసం కొన్ని తీర్పులైనా చదవాలి. వ్యాఖ్య రాసిన వ్యక్తి చేతుల మీదుగా దానిపై ఫిర్యాదు వెళ్లే ఏర్పాటు పోవాలి.

నిన్నటి ఉత్తర్వు కూడా ఒక్క వాక్యమే. వ్యాఖ్య ఎందుకు తప్పో అందులో లేదు. కారణాలు రాయకుండా నేను తీర్పు ఇస్తే అప్పీలులో నిలవదు. అందుకే ఆ కారణాలు తెలపమని కోరుతూ ఈ రోజు మరో వినతిపత్రం రాశాను.