అటూ ఇటూ కాని డిగ్రీ

ఎమ్మెస్సీ మ్యాథ్స్ అయి మూడేళ్ళు. బరంపురం యూనివర్సిటీ హాస్టల్ వదిలి ఒడిశాలోని మా ఊరు పర్లాకిమిడి వచ్చేసరికి అమ్మ అడిగిన మొదటి మాట, "ఇప్పుడేంటే?"

పక్కనే పాతపట్నం, ఆంధ్రా. అటు ఉద్యోగాలకు నేను నాన్‌లోకల్, చదువంతా ఇటే కదా. ఇటేమో ఒడియా రావాలి. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా ఒక సబ్జెక్టు మాత్రమే. మాట్లాడతా గానీ, రాస్తుంటే గుండ్రటి అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. రెండేళ్ళు ట్యూషన్లు చెప్పుకుంటూ, రాత్రిళ్ళు తమ్ముడి పాత ఒడియా వాచకాలు దిద్దాను. సిగ్గేసేది, నిజం.

బ్యాంకు క్లర్కు పరీక్ష రెండోసారికి వచ్చింది. పోస్టింగ్ గుణుపురం. పొద్దున్నే నౌపడా నుంచి వచ్చే రైలెక్కుతాను. ఒకప్పటి చిన్న రైలు లైనే, ఇప్పుడు బ్రాడ్‌గేజ్.

కౌంటర్లో సగం మంది సవరలు, సొంత భాష ఉన్న ఇక్కడి గిరిజనులు. ఒక ముసలమ్మకు విత్‌డ్రాయల్ ఫారం ఒడియాలో చెప్పాను, తెలుగులో చెప్పాను, తల ఊపింది, ఏమీ అర్థం కాలేదు. వెనకున్న కుర్రాడు సవరలో రెండు ముక్కలంటే పనైపోయింది. మా ఊళ్ళో మాస్టారుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవర నేర్చి నిఘంటువే చేశారు. నాకు ఇప్పటికి అంకెలు పది వరకు వచ్చాయి.