కావలిలో మిషను, నెల్లూరులో మౌసు: ఫైల్ రికవరీ పని ఎక్కడిదాకా వచ్చింది

పని ఇది. కావలిలో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. విండోస్ హోమ్, 8 జీబీ ర్యామ్, సిస్టమ్‌కి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, డేటాకి విడిగా 1 టీబీ హార్డ్‌డిస్క్, ఒక యూఎస్‌బీ 3 కార్డు రీడర్. దాన్ని నెల్లూరు నుంచి నడపాలి. పెళ్ళి ఫోటోలు తీసేవాళ్ళ కార్డులు ఫార్మాట్ అయినా, రొయ్యల చెరువుల లెక్కలున్న పెన్‌డ్రైవులో ఫైళ్ళు ఎగిరిపోయినా వెనక్కి తీయాలి. ప్రతిసారీ పినాకిని రైలు ఎక్కి పోయే పని ఉండకూడదు.

మొదటి వారం: దారి వేసుకోవడం

ముందు బయటి నుంచి లోపలికి రావడానికి రౌటర్‌లో పోర్టు (ద్వారం లాంటిది) తెరిచి చూస్తే కుదరలేదు. కారణం రౌటర్ స్టేటస్ పేజీలోనే కనపడింది. వాన్ ఐపీ (రౌటర్‌కు ప్రొవైడర్ ఇచ్చిన అడ్రసు) 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే ఆ కనెక్షన్ సీజీనాట్ వెనకాల ఉన్నట్టే. ఒక్క పబ్లిక్ అడ్రసునే ప్రొవైడర్ చాలా ఇళ్ళకు పంచుతాడు. బయటి నుంచి వచ్చే పిలుపు మన రౌటర్ దాకా రాదు, ఎన్ని పోర్టులు తెరిచినా అంతే. పబ్లిక్ ఐపీ ఉన్నవాళ్ళు కూడా విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కి తెరవొద్దు. పాస్‌వర్డులు వరసబెట్టి ప్రయత్నించే ప్రోగ్రాములు రాత్రింబవళ్ళు ఆ పోర్టు మీదే ఉంటాయి. అదీగాక విండోస్ హోమ్ రిమోట్ డెస్క్‌టాప్‌తో బయటివాళ్ళను లోపలికి రానివ్వదు, దానికి ప్రో ఉండాలి.

చివరికి రెండు మిషన్లలోనూ టెయిల్‌స్కేల్ (దూరంగా ఉన్న మిషన్లను ఒకే సొంత నెట్‌వర్కులా కలిపే ప్రోగ్రాము) వేసి, అవతలి స్క్రీన్ చూసి నడపడానికి రస్ట్‌డెస్క్ పెట్టాం. రస్ట్‌డెస్క్ సెట్టింగుల్లో డైరెక్ట్ ఐపీ యాక్సెస్ ఆన్ చేస్తే 21118 పోర్టు మీద వింటుంది. ఇవతల నెల్లూరులో కావలి మిషను టెయిల్‌స్కేల్ అడ్రసు కొడితే చాలు. ఇక్కడ తరచుగా దెబ్బతినే చోట్లు కొన్ని ఉన్నాయి.

రస్ట్‌డెస్క్‌ను ఉత్తినే డబుల్ క్లిక్ చేసి నడపకుండా ఇన్‌స్టాల్ చేయాలి. లేకపోతే అడ్మిన్ అనుమతి అడిగే పెట్టె వచ్చినప్పుడు ఇవతల స్క్రీన్ బిగుసుకుపోతుంది, అవతల ఎవరో ఒకరు లేచి ఎస్ నొక్కాలి. మిషనును గుర్తుపట్టే టెయిల్‌స్కేల్ కీ మామూలుగా 180 రోజులకు చెల్లిపోతుంది. వాళ్ళ అడ్మిన్ పేజీలో ఆ ఒక్క మిషనుకు కీ ఎక్స్‌పైరీ తీసేయకపోతే ఆరు నెలల తర్వాత ఒక పొద్దున చెప్పాపెట్టకుండా దారి మూసుకుపోతుంది. బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మిషను సెట్టింగుల్లో) కరెంటు పోయి వచ్చాక ఏం చేయాలన్న చోట పవర్ ఆన్ అని పెట్టాలి. ఎండాకాలం కరెంటు సంగతి తెలిసిందే, ఇది పెట్టకపోతే మిగతా ఏర్పాటంతా వృథా. స్లీప్ పూర్తిగా ఆపేయాలి. మానిటర్ లేకుండా నడిపితే కొన్ని గ్రాఫిక్స్ కార్డులు నల్లటి స్క్రీనే పంపుతాయి. దానికి మానిటర్ ఉన్నట్టు నమ్మించే హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్గు పెట్టాలి.

పాస్‌వర్డు ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పకూడదు. బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసి ఐడీ అడిగేవాళ్ళ సంగతి మిషను దగ్గరుండే పెద్దవాళ్ళకు ముందే చెప్పి ఉంచాలి.

రెండో వారం: 64 జీబీ పెళ్ళి కార్డు

కెమెరాలో ఫార్మాట్ అయింది, ఆ తర్వాత ఇంకొన్ని ఫోటోలు కూడా తీశారు. ఫోన్లో చెప్పిన మొదటి మాట: "అన్నా, కార్డుకు ఎడం పక్కన చిన్న మీట ఉంది చూడు, దాన్ని కిందికి దించు. ఆ తర్వాతే రీడర్లో పెట్టు. ఫార్మాట్ చేయమంటే నొక్కబాకన్నా, స్కాన్ చేసి సరిచేస్తానన్నా నొక్కబాక."

ఆ మీట ఎందుకంటే, విండోస్ ఊరికే చూడదు. తొలగించగల డ్రైవు పెట్టగానే సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే దాపు ఫోల్డరు ఒకటి సృష్టించి అందులో చిన్న ఫైళ్ళు రాస్తుంది. అవి పడిన చోట ఉన్న పాత ఫోటో ముక్క పోయినట్టే. మైక్రో ఎస్‌డీకి మీట ఉండదు, దాని అడాప్టర్‌కి ఉంటుంది. అయితే ఆ మీటను పట్టించుకునేది రీడరే, కార్డు కాదు. చవక రీడర్లు కొన్ని దాన్ని లెక్కచేయవు. కొత్త రీడర్ కొన్నప్పుడు పనికిరాని కార్డు ఒకటి లాక్ చేసి, దాని మీద ఫైల్ కాపీ చేసి చూడాలి. కాపీ అయిందంటే ఆ రీడర్ ఈ పనికి వద్దు.

తర్వాత కార్డు మొత్తానికీ ఇమేజ్, అంటే ఖాళీ చోటుతో సహా ఉన్నదున్నట్టు నకలు, ఒక ఫైలుగా తీశాం. విన్32 డిస్క్ ఇమేజర్‌లో రీడ్ బటన్ పక్కనే రైట్ బటన్ ఉంటుంది. రిమోట్‌లో మౌసు అర సెకను వెనకబడుతుంది, తొందరపడి నొక్కితే కార్డు మీదికే రాసేస్తుంది. మీట దించి ఉంచడానికి ఇది రెండో కారణం. కేటాయించిన పార్టిషన్లే చదవమనే టిక్కు తీసేయాలి. యూఎస్‌బీ 3లో సెకనుకు 80 ఎంబీ వస్తే 64 జీబీకి పదమూడు, పద్నాలుగు నిమిషాలు. అదే పాత యూఎస్‌బీ 2 రంధ్రంలో 20 ఎంబీ చొప్పున దాదాపు గంట. చదవడంలో ఎర్రర్ తగిలితే ఈ ప్రోగ్రాము ఆగిపోతుంది. అప్పుడు లినక్స్ పెన్‌డ్రైవుతో బూట్ చేసి డీడీరెస్క్యూ వాడాలి. అది చదవగలిగినదంతా ముందు లాగేసి, మొండికేసిన సెక్టార్ల (డేటా ఉండే చిన్న గడుల) జోలికి చివర్లో వస్తుంది. ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు ఇచ్చి నడిపితే మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటు నుంచే మొదలవుతుంది.

ఇమేజ్‌ను నెల్లూరుకు తెప్పించుకుందామనే ఆలోచన లెక్క వేయగానే వదిలేశాం. అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 5 ఎంబీ, 64 జీబీకి మూడున్నర గంటల పైమాటే. డేటా ఎక్కడుంటే పని అక్కడే జరగాలి, ఇవతలికి స్క్రీన్ బొమ్మ మాత్రమే రావాలి.

పోయిన ఫోటోలను వెతికి తీసే ఫోటోరెక్ ప్రోగ్రాముకు మౌసుతో నడిపే కిటికీ ఉన్న రూపం క్యూఫోటోరెక్. ఇమేజ్ ఫైల్ ఎంచుకుని, ఫైల్ రకాల్లో అన్నీ తీసేసి జేపెగ్, ఆ కెమెరా "రా" (కుదించని అసలు ఫోటో) ఫార్మాట్ మాత్రమే ఉంచాం. ఖాళీ చోటు మాత్రమే వెతకమనకుండా మొత్తం వెతకమనే ఎంపికే మంచిది. గమ్యం 1 టీబీ డిస్కు. దీనికి ఫైళ్ళ పట్టికతో పనిలేదు. జేపెగ్ ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్ అనే మూడు బైట్లతో మొదలవుతుంది, ఆ గుర్తు కనపడిన చోటల్లా ఫోటో పట్టుకుంటుంది. అందుకే పాత పేర్లు రావు. ఎఫ్ అక్షరం, దాని వెనక సెక్టార్ నంబరు, అదే కొత్త పేరు. ఒక్కో ఫోల్డర్లో 500 ఫైళ్ళు. టీ అక్షరంతో మొదలయ్యేవి ఫోటో లోపలి చిన్న నమూనా బొమ్మలు, వాటిని చూసి ఫోటోలన్నీ చిన్నవైపోయాయని బెంబేలు పడొద్దు. తర్వాత ఎగ్జిఫ్‌టూల్‌తో ఫోటో తీసిన తేదీ, గంటను బట్టి పేర్లు మార్చాం. ముహూర్తం, తలంబ్రాలు, భోజనాలు వరసలో పడ్డాయి.

పోయినవి కార్డు మొదట్లో ఉన్నవి. ఫార్మాట్ తర్వాత కెమెరా మళ్ళీ మొదటి నుంచే రాసుకుంటూ వచ్చింది. పెళ్ళికూతుర్ని చేసిన ఫోటోలు సరిగ్గా అక్కడే ఉన్నాయి. ఒక ఫోటోలో నుదుటి బాసికం దాకా బాగుంది, కింద అంతా బూడిద రంగు. ఆ కింది సగం ఉన్న చోట కొత్త ఫోటో కూర్చుంది. దాన్ని తెచ్చే సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు, ఉందని డబ్బు అడిగేవాళ్ళను నమ్మొద్దు. కెమెరాలో "లో లెవెల్ ఫార్మాట్" (చోటంతా చెరిపేసేది) టిక్కు పెట్టి చేసి ఉంటే కార్డు మొత్తానికీ ఇదే గతి.

మూడో వారం: రొయ్యల మేత లెక్కల పెన్‌డ్రైవు

పెన్‌డ్రైవులో ఫైళ్ళను అమర్చిన పద్ధతి ఫ్యాట్32. పని తేలిక. ఫైల్ తీసేసినప్పుడు పట్టికలో పేరు మొదటి బైటు ఈ5గా మారుతుంది, ఏ ముక్క తర్వాత ఏ ముక్కో చెప్పే గొలుసు చెరిగిపోతుంది. డేటా కదలదు. ఇమేజ్ తీసి టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రాములో అన్‌డిలీట్ చూస్తే ఎక్సెల్ ఫైళ్ళు పేర్లతో సహా వచ్చాయి. ఒక్కటి తెరుచుకోలేదు. రోజూ కొంచెం కొంచెం పెరిగిన ఫైల్ కాబట్టి ముక్కలు ముక్కలుగా ఉండి ఉంటుంది, గొలుసు లేనిదే అతకదు. ఆ చెరువు లెక్క వాట్సాప్‌లో పంపిన పాత కాపీ నుంచి తెచ్చుకున్నారు.

వద్దన్న పని

ఒంగోలు నుంచి ఒక ల్యాప్‌టాప్ సంగతి అడిగారు. సీ డ్రైవులో ఫోల్డర్ పోయింది, రిమోట్‌లో చూడమని. చూడలేదు. రిమోట్ సాఫ్ట్‌వేర్ దించుకోవడమే ఆ డ్రైవు మీద రాయడం. పైగా అది ఎస్‌ఎస్‌డీ. డిలీట్ చేయగానే విండోస్ ట్రిమ్ అనే ఆదేశం పంపుతుంది, ఆ సెల్స్‌ను డ్రైవు తనే తుడిచేసుకుంటుంది. చెప్పింది ఒకటే: మిషను ఆపేసి, వేరే ఫోన్ నుంచి వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలు చూడమని. సొంత ఖాతాలైతే రెండిట్లోనూ 30 రోజులు ఉంటాయి. ఫోల్డర్ వన్‌డ్రైవ్ బుట్టలో దొరికింది.

మిగిలింది

పెళ్ళి కార్డులోని వీడియోలు. ఆడటానికి కావలసిన సూచిక కెమెరా ఫైల్ చివర్లో రాస్తుంది. ఆ ముక్క విడిపోతే వీడియో ఎంత ఉన్నా ప్లేయర్ తెరవదు. అదే కెమెరాతో, అదే సెట్టింగులో తీసిన మంచి వీడియో ఒకటి నమూనాగా ఇస్తే అన్‌ట్రంక్ అనే ప్రోగ్రాము ఆ సూచికను తిరిగి కట్టగలదు. కార్డు ఇమేజ్ అట్లానే ఉంచాం. స్టూడియో నుంచి నమూనా వీడియో రావాలి. వాట్సాప్‌లో వద్దని, అది వీడియోను మళ్ళీ కుదించి పంపుతుందని, పెన్‌డ్రైవులోనే ఇవ్వమని చెప్పాం.