అడుక్కునే సభలో చేరిన మా బాబాయి

శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో ఆ సాయంత్రం సగం మంది అమ్మవారి దర్శనానికి వెళ్తున్నవాళ్ళే. మర్నాడు, అంటే 2024 అక్టోబరు 3న, ఇంద్రకీలాద్రి మీద దసరా మొదలు. మొదటి రోజు బాలాత్రిపురసుందరి అలంకారమని, తెల్లారకముందే క్యూలో నిలబడాలని ఎదురు సీటు పెద్దావిడ చెప్పింది. "మీరూ కొండకేనా?" అంది. "కాదండీ, మా బాబాయి పూజకి" అన్నాను. ఏం పూజ, ఎక్కడ పూజ అని అడగలేదు. పులిహోర పొట్లం ఒకటి విప్పి నా చేతిలో పెట్టింది.

మా బాబాయి ఫ్రాన్సిస్కన్ సభకి చెందిన గురువు, అంటే ఫాదర్. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఇటలీలోని అస్సీసిలో పుట్టిన పునీత ఫ్రాన్సిస్ గారి పేరు మీదున్న కతోలిక సన్యాసుల సభ అది. 2023 సెప్టెంబరు చివర్లో బెజవాడ శివార్లలో, వాళ్ళ ఆశ్రమంలోనే కన్నుమూశారు. మొదటి వర్ధంతికి విడిగా ఏమీ పెట్టడం లేదని, అక్టోబరు 4న ఫ్రాన్సిస్ గారి పండగ పూజలోనే ఆయన్నీ తలుచుకుంటామని అక్కడి బ్రదర్స్ ఫోన్ చేశారు. ఎలాగూ వెళ్తున్నాను కదా, ఆయన తిరిగిన చోట్లు కొన్ని చూసి వద్దామనిపించింది. ముందు పెద్దావుటపల్లి. ఆయన దైవపిలుపు మొదలైంది అక్కడే.

బెజవాడ బస్టాండులో హనుమాన్ జంక్షన్ వైపు బస్సెక్కితే ఎయిర్‌పోర్టు, గన్నవరం దాటాక వస్తుంది ఆ ఊరు. విశాఖ లైన్లో రైల్వే స్టేషన్ కూడా ఉంది కానీ ప్యాసింజర్ల కోసం కూర్చుంటే పొద్దు గడిచిపోతుంది. జనవరి నడుమ తిరునాళ్ళప్పుడు ఇక్కడ ఇసకేస్తే రాలదు. నేను వెళ్ళిన గురువారం పొద్దున మాత్రం సమాధి దగ్గర ఇద్దరు ముసలమ్మలు, కొవ్వొత్తులు అమ్మే కుర్రాడు, అంతే.

సమాధి బ్రదర్ జోసఫ్ తంబి గారిది. ఆయన ఫాదర్ కాదు, గురుపట్టం తీసుకోలేదు. పుదుచ్చేరి మూలాలున్న కుటుంబం, పుట్టింది వియత్నాంలోని సైగాన్‌లో. చిన్నతనంలోనే ఇల్లు వదిలి, కేరళలో కొన్నాళ్ళుండి, ఊళ్ళు తిరిగి తిరిగి ఈ కృష్ణా జిల్లా పల్లెకి చేరారు. ఫ్రాన్సిస్ గారు సంసారులకీ, మఠంలో చేరని మామూలు మనుషులకీ కూడా ఒక సభ ఏర్పరిచారు, దాన్ని మూడవ సభ అంటారు. తంబి గారు అందులో సభ్యుడు. ఇంటింటికీ వెళ్ళి భిక్ష అడిగి, వచ్చింది లేనివాళ్ళకి పెట్టేవారు. సిలువ మీద క్రీస్తుకి తగిలిన పంచగాయాలు ఆయన ఒంటి మీద కనపడేవని భక్తుల నమ్మకం. 1945 జనవరి 15న ఇక్కడే పోయారు. కతోలిక సభ ఇప్పుడాయన్ని దైవసేవకుడంటోంది. పునీతుల పట్టా ఇవ్వాలంటే అక్కణ్ణుంచి ఇంకా చాలా మెట్లున్నాయి. జనం ఆ మెట్ల లెక్క ఎప్పుడూ చూడలేదు.

బాబాయికి పదేళ్ళు నిండకముందు టైఫాయిడ్ వచ్చిందట. తగ్గితే తంబి గారి దగ్గరకి తీసుకొస్తానని నాయనమ్మ మొక్కుకుంది. మాది ఫిరంగిపురం దగ్గర పల్లె. అక్కణ్ణుంచి గుంటూరు, గుంటూరు నుంచి బెజవాడ, అక్కణ్ణుంచి ఇక్కడికి, చంటివాణ్ణి మోసినట్టు మోసుకొచ్చిందట. ఆ ప్రయాణం గురించి బాబాయి మాకు చెప్పినప్పుడల్లా సమాధి ప్రస్తావన ఉండేది కాదు. ఊళ్ళో ఒక ముసలాయన అరుగు మీద కూర్చోబెట్టుకుని చెప్పిన మాటలే చెప్పేవారు. "ఆయన మా ఇంటికొచ్చి బియ్యం అడిగేవాడు. మాకే లేవంటే వెనక్కి తిరిగి, ఇంకో ఇంట్లో అడిగి తెచ్చి మాకు పెట్టేవాడు." ముసలాయన చెప్పింది ఇంతే. బాబాయి అరవై ఏళ్ళకి పైగా బతికింది ఈ రెండు వాక్యాల మీదే అని నా అనుమానం.

ఫాదర్ అవుతానంటే తాతయ్య సంతోషించాడు. ఎందుకు సంతోషించడు? మా వైపు విచారణ గురువులంటే, అంటే ఊళ్ళ గుళ్ళు చూసుకునే ఫాదర్లంటే, బంగళా, బుల్లెట్ బండి, బడి మీద పెత్తనం, పంచాయితీల్లో మొదటి కుర్చీ. గుంటూరుకి సొంత బిషప్ పీఠం 1940లో ఏర్పడ్డాక మన ఊళ్ళ పిల్లలు కూడా ఒక్కొక్కరే గురువులవుతున్నారు, ఆ ఇంటికి దక్కే మర్యాదే వేరు. తీరా కుర్రాడు నేను ఫ్రాన్సిస్కన్ సభలో చేరతానన్నాడు. సొంత ఆస్తి ఉండదు, సొంత జేబు ఉండదు, ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి. తాతయ్య అరిచిన అరుపు మా ఇంట్లో ఇప్పటికీ సామెతలా వాడతారు. "ఇంత చదివించింది అడుక్కుతినడానికా!"

అస్సీసిలో 1206లో జరిగిందీ దాదాపు ఇదే. గుడ్డల వ్యాపారి పియెత్రో బెర్నార్దోనె, కొడుకు డబ్బంతా పేదలకీ గుళ్ళకీ తగలేస్తున్నాడని బిషప్ గారి దగ్గర పంచాయితీ పెట్టాడు. ఫ్రాన్సిస్ ఒంటి మీద బట్టలు కూడా విప్పి తండ్రి ముందు పెట్టేశాడు. మా బాబాయి అంత పని చెయ్యలేదు. ట్రంకుపెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. తాతయ్య స్టేషనుకి రాలేదు. తర్వాత ఏటా ఆశ్రమానికి ఒక బస్తా ఎండుమిర్చి మాత్రం పంపేవాడు, బతికున్నన్నాళ్ళూ. మనిషి ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

ఒక ఏడాది నోవీషియేట్ అనే తొలి శిక్షణ, మొదటి మాటపట్టు అంటే సభ వ్రతాలు తీసుకోవడం, తర్వాత బెంగళూరులో తత్వశాస్త్రం, క్రైస్తవ దైవశాస్త్రం, చివరికి జీవితాంతానికీ కట్టుబడే నిత్య మాటపట్టు. నడుముకి కట్టుకునే తెల్లతాడుకి మూడు ముడులుంటాయి: పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత. నేను చిన్నప్పుడు ఆ ముడులు విప్పబోతే ఆయన నవ్వి, "మొదటిది విప్పినా పర్లేదురా, దానికింద దాచుకోడానికి ఏమీ లేదు" అన్నారు. ఆయన బ్రదర్‌గానే ఉండిపోదామనుకున్నారని, పెద్దలు చెప్పారు కాబట్టి గురుపట్టం తీసుకున్నారని నాన్న అంటాడు. ఫ్రాన్సిస్ గారు కూడా గురువు కాలేదు, దానికి కిందిమెట్టు డీకన్‌గానే ఆగిపోయారు. బాబాయి ఈ సంగతి ఎవరు దొరికితే వాళ్ళకి చెప్పేవారు, ముఖ్యంగా తన మెడలో దండ వెయ్యడానికి వచ్చినవాళ్ళకి.

గురుపట్టాభిషేకం రోజున ఊరంతా వరస కట్టి ఆయన అరచేతులు ముద్దు పెట్టుకుంది. అందరికంటే ముందు నాయనమ్మ. ఆ రోజు నుంచి కన్నకొడుకుని 'మీరు' అనడం మొదలుపెట్టింది. "అమ్మా, నన్ను ఒరేయ్ అని పిలవవే" అని బతిమాలేవారు బాబాయి. "అలాగేనండి" అనేది ఆవిడ.

మధ్యాహ్నం వెనక్కి వస్తూ గుణదలలో దిగాను. ఇటలీ నుంచి వచ్చిన అర్లాతి ఫాదర్ ఇక్కడ అనాథాశ్రమం చూసుకుంటూ 1924లో మరియమాత స్వరూపం నిలబెట్టారు. సరిగ్గా నూరేళ్ళు. ఆయన ఫ్రాన్సిస్కన్ కాదు, పీమే అనే ఇటలీ మిషనరీల సభవారు. ఫిబ్రవరి తిరునాళ్ళకి చిన్నప్పుడు మేమందరం వచ్చేవాళ్ళం కాబట్టి కొత్తగా చూసిందేమీ లేదు. ఎండ మండిపోతోంది, సగం మెట్లెక్కి దిగిపోయాను.

సాయంత్రం ఆశ్రమంలో ఫ్రాన్సిస్ గారి మరణ స్మరణ. 1226 అక్టోబరు 3 సాయంత్రం ఆయన పోయారు కాబట్టి ఆ సభవాళ్ళు ప్రపంచమంతటా ఆ పూటే చేస్తారు. గుళ్ళో దీపాలు తగ్గించి, తనను కటిక నేల మీద పడుకోబెట్టమని ఆయన అడిగిన ఘట్టం చదివారు, 142వ కీర్తన పాడారు. నాకు బాగా నచ్చేది వేరే ముక్క. చావు దగ్గరపడ్డాక ఫ్రాన్సిస్ రోములో ఉన్న యాకొబా అనే గొప్పింటావిడకి కబురు పెట్టి, నాకు జబ్బు చేసినప్పుడు మీరు పెట్టే ఆ బాదం మిఠాయి తెమ్మని అడిగారు. అంత కఠినంగా బతికిన మనిషి ఆఖర్న అడిగింది మిఠాయి! బాబాయి ఏటా ఆ రాత్రి అందరికీ తీపి పంచాలని పట్టుబట్టేవారట. బాదం మిఠాయి ఖరీదని ఇక్కడ బందరు లడ్డూ పెడతారు. నేను రెండు తిన్నాను.

మర్నాటి పూజలో ఒక గురువు బాబాయి గురించి ప్రసంగించారు. మహానుభావుడు, త్యాగశీలి, దీపస్తంభం. ఈ మాటలు ఎవరి చావుకైనా సరిపోతాయి. నాకు తెలిసిన మనిషి అందులో కనపడలేదు. బాబాయి ప్రసంగం చేస్తే గుళ్ళో సగం మంది కునికేవాళ్ళు. ఏదీ దగ్గర ఉంచుకునేవారు కాదు. నా మొదటి జీతంతో కొనిచ్చిన స్వెటర్ నెల తిరక్కుండా ఒక వాచ్‌మన్ ఒంటి మీద కనపడింది. అప్పుడు కోపం వచ్చింది, ఇప్పటికీ కొంచెం ఉంది. నన్నడిగితే ఇంకోటి ఆ వాచ్‌మన్‌కే కొనిచ్చేవాణ్ణిగా! బెజవాడ స్టేషన్‌లో ఇంట్లోంచి పారిపోయి వచ్చిన పిల్లలు కనపడితే ఇడ్లీ పెట్టించి, సలేషియన్లనే మరో సభ ఫాదర్ల నవజీవన్ బాలభవన్‌లో అప్పగించేవారు. ఆ ఇడ్లీ డబ్బులు ఎవరివో ఆయనకే తెలియాలి.

భోజనాల దగ్గర వంట చూసే పెద్ద బ్రదర్ మాత్రం సూటిగా చెప్పాడు. "ఫాదర్ గారికి గిన్నెలు తోమడం రాదు. జిడ్డు వదిలేవారు. రోజూ తోముతాననే వచ్చేవారు, ఆయన పడుకున్నాక నేను మళ్ళీ తోముకునేవాణ్ణి." ప్రసంగం కంటే ఇది నయం.

సమాధి ఆశ్రమం ఆవరణలోనే, మిగతా బ్రదర్స్ పక్కన. తన పేరుకి ముందు 'బ్రదర్' అని తప్ప ఏమీ రాయించొద్దని బాబాయి చెప్పి ఉంచారట. రాయి మీద పెద్దక్షరాలతో 'రెవరెండ్ ఫాదర్' అనే ఉంది. చందాలు వేసింది మా చుట్టాలే, మాట నెగ్గించుకుందీ వాళ్ళే. తాతయ్య ఉంటే సంతోషించేవాడు.

రైలుకి ఇంకా టైముందని సింగ్‌నగర్ వెళ్ళాను. చివరి ఏళ్ళలో బాబాయి ఎక్కువగా తిరిగింది ఆ సందుల్లోనే. ఆ సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగు ముంచేసిన చోటు అది. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కుల పైన నీళ్ళు వదిలారు, బ్యారేజి కట్టాక అంత వరద ఎప్పుడూ రాలేదు. నెల దాటినా గోడల మీద నా భుజాల ఎత్తున బురద గీత అలాగే ఉంది. ఇళ్ళ ముందు ఉబ్బిపోయిన బీరువాలు, ఎండకి ఆరేసిన పరుపులు, పిల్లల పుస్తకాలు.

పెద్ద బ్రదర్ చెప్పిన గుర్తులు పట్టుకుని ఒక ఇల్లు వెతుక్కున్నాను. బాబాయి వారానికోసారి వచ్చి కూర్చునే ఇల్లట. రిక్షా తొక్కే భర్త పోయాక ఒక్కతే ఉంటోంది ఆవిడ. ఫలానా అని చెప్పగానే ఏడుస్తుందేమోనని కాస్త టెన్షన్ పడ్డాను.

"మీ ఫాదర్ గారు నాకు ఐదొందలు బాకీ" అంది.

పక్కింటి పిల్లకి జ్వరమొస్తే ఈవిడ దగ్గర అడిగి తీసుకుని వాళ్ళకిచ్చారట. "ఆయన దగ్గర ఎప్పుడున్నాయి గనక! నా దగ్గర తీసుకుని వాళ్ళకి, వాళ్ళ దగ్గర తీసుకుని ఇంకోళ్ళకి. ఈ సందంతా ఆయన లెక్కల్లోనే ఉంది బాబూ." వరద సాయం గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళకిచ్చే 25,000 తనకి అందిందని, దాంతో స్టవ్వు, మంచం కొన్నానని కూడా చెప్పింది. అంటే ఇప్పుడు ఐదొందలకి ఇబ్బంది ఏమీ లేదు. అయినా నోటు తీసి ఇస్తే వద్దనలేదు. వెలుతుర్లో పెట్టి చూసి, కొంగుకి ముడేసుకుంది. మొహమాటపడకుండా తీసుకోవడం నాకు భలే నచ్చింది. బాబాయికీ నచ్చేదే, ఆయనా అలాగే తీసుకునేవారు.

"ఇంకెవరికైనా బాకీ ఉన్నారా?" అని అడిగాను.

సందు చివర టిఫిన్ బండి వైపు చెయ్యి చూపించింది. వెళ్ళి అడిగితే బండాయన గరిట ఆపి ఆలోచించాడు. రోజూ పొద్దున నాలుగిడ్లీ పొట్లం కట్టించుకుని వెళ్ళేవారని, ఎవరికో తను అడగలేదని, డబ్బులు కూడా అడగలేదని చెప్పాడు. "దానికి లెక్క లేదులెండి" అంటూ ఒక ప్లేటు పెట్టి, అల్లం చట్నీ రెండుసార్లు వేశాడు. తిని చెయ్యి కడుక్కున్నాక, నేను తిన్న ప్లేటుకి మాత్రం డబ్బులు తీసుకున్నాడు.